హనుమకొండలో లేజర్ చేయించుకున్నం: వెంట్రుకలకు నేను, పచ్చబొట్టుకు మా తమ్ముడు

ముందే రేటింగ్ చెప్పేస్త, ఐదుకి మూడున్నర. డాక్టర్ మేడం వరకైతే ఐదుకి ఐదు, మిషన్ కి నాలుగు, ఆ రిసెప్షన్ కి రెండిచ్చినా ఎక్కువే, అన్నీ కలిపి చూస్తే మూడున్నర దగ్గర తేలింది. హనుమకొండలో ఇప్పుడు స్కిన్ క్లినిక్ లకు కొదవ లేదు, నక్కలగుట్ట నుంచి హంటర్ రోడ్ దాకా ఎటు చూసినా ఒక బోర్డు, బోర్డు మీద పాలరాయి లెక్క మెరిసే ఒక అమ్మాయి ఫోటో, పక్కన యాభై శాతం ఆఫర్. నేను పోయింది వాటిల్ల ఒకదానికి, పేరు రాయను, ఏ క్లినిక్ కి పోయినా లోపల ఏమేం అయితదో ముందే తెలుస్తే చాలు గదా.

నాకు గదుమ కింద, మీది పెదవి (పై పెదవి) మీద, చంకల్ల వెంట్రుకలు. మా తమ్మునికి కుడి ముంజేతి మీద పచ్చబొట్టు. ఇద్దరం ఒకటే క్లినిక్ కి పోయినం గని మిషన్లు వేరు, నొప్పి వేరు, ఖర్చు వేరు, ఆఖరికి వచ్చిన ఫలితం కూడా వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటరు, లేజర్ అంటే ఏదో ఒక లైటు, కొడ్తే పోతది అని. అట్ల ఉండదు.

నా సంగతి ముందు చెప్త. గదుమ కింద వెంట్రుకలు నాకు డిగ్రీ నుంచే ఉన్నయి, నూగు కాదు, నల్లగ గట్టిగ వచ్చేటివి. థ్రెడింగ్ చేయించుడు, రెండు వారాలకు మళ్ళ మొలుసుడు, మధ్యల ప్లక్కర్ తోని పీకుడు, పీకిన కాడల్ల మొటిమ, మొటిమ పోతే నల్ల మచ్చ. పెండ్లి సంబంధాలు మొదలైనంక ఇంటికొచ్చిన ప్రతి పెద్దమ్మ నా మొఖం దగ్గరికొచ్చి చూసుడే, సెనగపిండి రుద్దు బిడ్డా, పసుపు పెట్టు బిడ్డా అని. సెనగపిండికి పోయేటివైతే ఎప్పుడో పోవాలె.

పోగానే లేజర్ రూంకి తీస్కపోతరు అనుకున్న, డాక్టర్ మేడం అసలు లేజర్ మాటే ఎత్తలే. పీరియడ్స్ సక్కగ వస్తున్నయా, ఈమధ్య బరువు పెరిగిందా, వెంట్రుకలు మెల్లమెల్లగ వచ్చినయా ఒక్కసారే వచ్చినయా, తలల జుట్టు పల్చబడుతుందా, ఇంట్ల అమ్మకు అత్తలకు ఇట్ల ఉందా, ఏమన్న గోలీలు వాడుతున్నవా అని వరుసపెట్టి అడిగిన్రు. మొఖానికి ఏమేం పూస్కుంటవు అని కూడ, అందుల స్టెరాయిడ్ క్రీములు ఉన్నయేమో అని, మెడికల్ షాపుల చీటీ లేకుండ అమ్మే తెల్లగ అయ్యే క్రీములల్ల అవే ఎక్కువ ఉంటయంట. తర్వాత థైరాయిడ్, టెస్టోస్టెరాన్, ప్రొలాక్టిన్, ఇంకేవో హార్మోన్ టెస్టులు రాసిచ్చి అల్ట్రాసౌండ్ కూడ చేయించుకొని రమ్మన్నరు. అప్పుడు నాకు కోపమొచ్చిన మాట నిజం, వెంట్రుకల కోసం వస్తే పొట్ట స్కానింగ్ ఏంది అని. రిపోర్ట్ ల పీసీఓఎస్ అని వచ్చింది, అంటే ఆడోళ్ళకు హార్మోన్లు గతి తప్పే సమస్య.

మేడం చెప్పింది ఏందంటే, లేజర్ ఇప్పుడున్న వెంట్రుకల కుదుళ్ళను కొడ్తది, లోపల హార్మోన్ అట్లనే ఉంటే ఇయ్యాల నూగు ఉన్న కాడ రేపు నల్ల వెంట్రుక లేస్తది, అప్పుడు మీరు నా మిషన్ పనిచేయలే అంటరు. అందుకే గోలీలు, తిండి, నడక ఒక దిక్కు, లేజర్ ఒక దిక్కు రెండూ నడవాలె అన్నరు. నేను తర్వాత వేరే రెండు క్లినిక్ లకు ఫోన్ చేసి అడిగిన, రెండు కాడల కూడ మొదటి ప్రశ్న ఏ ఏరియా మేడం, రెండో ప్రశ్న ప్యాకేజ్ కావాల్నా సింగిల్ కావాల్నా. పీరియడ్స్ గురించి ఒక్కరన్న అడగలే. మొఖం మీద గట్టి వెంట్రుకలు వచ్చే ఆడపిల్లలకు చెప్తున్న, ముందు డీవీఎల్, అంటే చర్మం డాక్టర్ చదువు, చదివిన డాక్టర్ కి చూపించుకోండి, పైసలు తక్కువుంటే వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంల స్కిన్ ఓపీ ఉంటది, లేజర్ సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

ఇగ లేజర్ ఎట్ల పనిచేస్తదంటే, వెంట్రుకల ఉండే నల్ల రంగు, అదే మెలనిన్, ఆ వెలుగును పీల్చుకొని వేడెక్కుతది, ఆ వేడికి కింద కుదురు దెబ్బతింటది. చుట్టూ ఉన్న చర్మం కాలకుండ లక్ష్యం ఒక్కటే కాలేటట్టు వెలుగు రంగును, ఎంతసేపు కొట్టాలె అన్నదాన్ని లెక్కగట్టొచ్చు అని 1983ల ఆండర్సన్, పారిష్ అని ఇద్దరు అమెరికా డాక్టర్లు రాసిన్రు, ఇప్పుడున్న ఈ మిషన్లన్నీ ఆ లెక్క మీదనే నడుస్తున్నయి. మనకొచ్చే చిక్కు ఏందంటే మన చర్మంల కూడ మెలనిన్ బాగనే ఉంటది. వెలుగు రంగును నానోమీటర్లల్ల కొలుస్తరు, తెల్లతోలు వాళ్ళకు వాడే 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ మన చాయకు పెడితే వెంట్రుకతో పాటు తోలు కూడ వేడెక్కి కాలే ఛాన్స్ ఎక్కువ. అందుకే మన దిక్కు ఎక్కువగ 800, 810 దగ్గర పనిచేసే డయోడ్ వాడుతరు, ఇంకా నల్లగ ఉన్నోళ్ళకు 1064 ఎన్డీ యాగ్ అయితే చర్మానికి భద్రం, అది లోతుకు పోతది, పైన రంగు దాన్ని తక్కువ పీల్చుకుంటది. మీరు పోయిన కాడ మిషన్ పేరు కాదు, ఇది డయోడా యాగా ఐపీఎలా అని అడగండి. ఐపీఎల్ అసలు లేజరే కాదు, అదొక ఫ్లాష్ లైటు, చాలా రంగుల వెలుగు కలిసి ఉంటది, మన చాయ మీద చేయి తిరగనోళ్ళు కొడ్తే కాలుస్తది. నా ఫ్రెండ్ ఒకామె పార్లర్ ల ఆఫర్ ఉందని కాళ్ళకు కొట్టించుకున్నది, పిక్కల మీద ఇటుకలు పేర్చినట్టు వరుసగ చారలు పడ్డయి, ఆ మచ్చలు పోవడానికి పెట్టిన ఖర్చు లేజర్ ఖర్చుకంటే ఎక్కువైంది, పార్లర్ అక్కేమో మీ స్కిన్ సెన్సిటివ్ మేడం అన్నదంట. వందల రూపాయల నుంచి వేలల్ల ఆన్లైన్ ల అమ్మే ఇంటి మిషన్లు కూడ ఐపీఎల్ లే, డబ్బా మీద చర్మం రంగుల పట్టీ ఒకటి ఉంటది, ముదురు చాయలకు వద్దని దాని మీదనే రాసి ఉంటది, ఎవరూ చదవరు.

పోయే ముందు రోజు షేవ్ చేస్కొని రమ్మంటరు. మొఖం మీద షేవింగా అని మా అమ్మ గుండెలు బాదుకున్నది, గడ్డం లెక్క మందంగ వస్తదని. రాదమ్మా, షేవ్ చేస్తే పైన మొండిగ తెగుతది గాబట్టి గరుకుగ అనిపిస్తది గని కుదురు అట్లనే ఉంటది. వ్యాక్స్, థ్రెడింగ్, పీకుడు మాత్రం నెల ముందు నుంచే బంద్. కుదురుతో సహా పీకేస్తే లేజర్ దేన్ని కొట్టాలె మరి. పైన వెంట్రుక పొడుగ్గ ఉన్నా కూడ వద్దు, వేడి అంతా పైన్నే అయిపోయి చర్మం చురుక్కుమంటది.

రూంల సంగతి. మొఖం కడిగి పౌడర్, పసుపు, స్టిక్కర్ బొట్టు, కాటుక అన్నీ తీసేయమన్నరు. పుట్టుమచ్చలు ఉన్నకాడ తెల్ల పెన్సిల్ తోని గీస్తరు, దాని మీద కొట్టకుండ, ఎందుకంటే మచ్చల రంగు కూడ అదే మెలనిన్. కండ్లకు నల్ల గాగుల్స్ పెట్టిన్రు, ఇది లేకుండ ఎవరన్న కొడ్తా అంటే లేచి వచ్చేయండి, కంటి లోపలికి పోతే పోయిన చూపు మళ్ళ రాదు, కనుబొమ్మల కింద రెప్ప దిక్కు అందుకే చేయరు. తర్వాత సల్లటి జెల్ పూసిన్రు, మిషన్ మూతి మంచుగడ్డంత సల్లగ ఉంటది, దాన్ని తోలుకు ఆనిచ్చి టిక్ టిక్ అని కొడుతుంటరు. నొప్పి ఎట్లుంటదంటే పోపుల ఆవాలు చిట్లి చేతి మీద పడ్తయి చూడండి, అంతే, చురుక్కుమంటది పోతది, మళ్ళ చురుక్కుమంటది పోతది. చంకల్ల కొంచెం, మీది పెదవి మీద మాత్రం కండ్లల్ల నీళ్ళొచ్చినయి. కమురు వాసన వస్తది, భయపడకండి, కాలింది వెంట్రుకే.

అయిపోయినంక అద్దంల చూసుకుంటే ప్రతి కుదురు చుట్టూ చిన్న చిన్న ఎర్ర పొక్కులు లేచినయి, నేను అయిపోయింది నా మొఖం అనుకున్న, మేడం చూసి బాగుంది అన్నరు. అట్ల లేస్తేనే కుదురుకు వేడి తగిలినట్టు లెక్కంట, సాయంత్రానికి దిగిపోయినయి. ఒకటి రెండు రోజులు వేడినీళ్ళు, జిమ్ము, సెంటు, స్ప్రేలు వద్దు, ఎండల పోతే సన్ స్క్రీన్, గంతే. ఆ తర్వాత వారం పది రోజులకు వెంట్రుకలు మళ్ళ మొలుస్తున్నట్టు కనిపిస్తది, మోసం చేసిన్రు అని ఫోన్ చేయబోయిన, అవి మొలిచేటివి కాదంట, కాలిన ముక్కలు బయటికి వస్తున్నయంట, స్నానం చేసేటప్పుడు టవల్ తోని అంటే రాలిపోయినయి.

ఒక్కసారితోని ఎందుకు పోవంటే వెంట్రుకలు అన్నీ ఒకేసారి పెరగవు. కొన్ని పెరిగే దశల ఉంటయి, కొన్ని ఆగిపోయి ఉంటయి, కొన్ని రాలడానికి సిద్ధంగ ఉంటయి, లేజర్ కు దొరికేటివి పెరిగే దశలవే. మిగిలినయి నిద్రలేచేదాకా ఆగి మళ్ళ కొట్టాలె. అందుకే మొఖానికి నాలుగు నుంచి ఆరు వారాల గ్యాప్, ఒంటికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, మామూలుగ ఒక ఆరు నుంచి ఎనిమిది సిట్టింగ్ లు పడ్తయి. పదిహేను రోజులకొకసారి రమ్మనేటోళ్ళు మీ పైసలు తొందరగ అయిపోవాలని చూస్తున్నట్టు. అన్నీ అయినంక కూడ నున్నగ సున్నా కాదు. అమెరికాల మందులు మిషన్లకు పర్మిషన్ ఇచ్చే ఎఫ్‌డీఏ కూడ ఈ లేజర్లను వెంట్రుకల సంఖ్య చాన రోజులు తగ్గి ఉండేటట్టు చేస్తయి అనే ఒప్పుకుంటది, ఒక్కటి కూడ రాదని ఎవరికీ సర్టిఫికెట్ ఇయ్యదు. నాకు చంకల్ల దాదాపు పోయినయి, ఉన్న నాలుగు కూడ సన్నగ అయినయి, నల్లదనం కూడ తగ్గింది, మస్తు సంతోషం. గదుమ కింద సగం కంటే ఎక్కువే తగ్గినయి గని అప్పుడప్పుడు పోయి టచప్ చేయించుకోవాలె, మేడం మొదటి రోజే చెప్పిన్రు కాబట్టి నాకు బాధలేదు. తెల్లవెంట్రుకలు మాత్రం ఏ లేజర్ కీ పోవు, రంగు లేకపోతే వెలుగును పీల్చుకునేది ఏముంది, మా మేనత్తకు అందుకే వద్దని పంపించేసిన్రు, ఆ ఒక్క పనికే నేను ఒక స్టార్ ఎక్కువ వేసిన. అట్లాంటివాళ్ళకు కరెంట్ సూదితోని ఒక్కొక్కటి తీసే ఎలక్ట్రాలసిస్ ఉంటది, ఓపిక ఉండాలె.

ఇంకో సంగతి ఎవరూ చెప్పనిది. కొంతమందికి లేజర్ వల్ల వెంట్రుకలు తగ్గుడు పోయి పెరుగుతయి, ముఖ్యంగ బుగ్గలు, మెడ మీద, మన లాంటి చాయ ఉన్నోళ్ళకు, పీసీఓఎస్ ఉన్నోళ్ళకు. తక్కువ పవర్ పెట్టి నొప్పి లేకుండ చేస్తం అని మెల్లగ కొడ్తే కుదురు సచ్చుడు బదులు లేచి కూసుంటదేమో అని డాక్టర్ల అనుమానం. అందుకే బుగ్గల మీద నూగు కోసం లేజర్ అడిగితే మేడం వద్దే వద్దన్నరు, నూగుకు రంగు తక్కువ, లాభం లేదు, ఉల్టా అయితే మళ్ళ ఏడుస్తవమ్మా అన్నరు. రిసెప్షన్ అమ్మాయేమో అదే రోజు ఫుల్ ఫేస్ ప్యాకేజ్ తీస్కోండి మేడం మీది పెదవి ఫ్రీ అని వెంటపడ్డది. లోపల డాక్టర్ వద్దన్నది బయట కౌంటర్ల అమ్ముతరు, ఇదెక్కడి లెక్కనో.

ఎండల సంగతి కూడ చెప్పాలె. మన వరంగల్ ఎండలు ఎట్లుంటయో తెలిసిందే, ఏప్రిల్ వచ్చిందంటే 42 దాటుతది, స్కూటీ మీద కాజీపేట పోయొచ్చేసరికి చేతులు మాడిపోతయి. నేను చుట్టాల పెండ్లికి పోయి మాడిపోయొచ్చి అట్లనే సిట్టింగ్ కి పోయిన, టెక్నీషియన్ అమ్మాయి ఏం అడగకుండ జెల్ పూసి మిషన్ ఆన్ చేసింది. మేడం ఏదో పనికి లోపలికొచ్చి నా మెడ చూసి ఆపు ఆపు అన్నరు, మాడిన తోలు మీద కొడ్తే కాలుతది, నల్ల మచ్చలు పడ్తయి, నెల ఆగి రమ్మని పంపిన్రు. మేడం రాకపోతే నా గతి ఏంది? రివ్యూల ఒక స్టార్ పోయింది అందుకే. ఎవరన్న మొదలుపెట్టాలనుకుంటే దసరా బతుకమ్మలు అయినంక మొదలుపెట్టండి, ఎండాకాలం వచ్చేసరికి సగం దాటిపోతయి. మాఘమాసంల పెండ్లి ఉంది, పుష్యంల వస్తా అంటే కుదరదు.

డాక్టర్ కి దాయకుండ చెప్పాల్సినవి: మొటిమలకు ఐసోట్రెటినోయిన్ గోలీలు వేస్కుంటున్నరా, డాక్సీసైక్లిన్ లాంటివి నడుస్తున్నయా, పెదవి మీద జ్వరం పొక్కులు వచ్చే అలవాటుందా, దెబ్బ తగిలితే తోలు గడ్డకట్టి లేచే గుణం ఉందా, కడుపుతోని ఉన్నరా. కడుపుతోని ఉంటే చేయరు, ఎవరన్న చేస్తా అన్నా మీరు వద్దనండి. నొప్పికి పూసే లిడోకైన్ క్రీము ఉంటది, చిన్న ఏరియాకు ఓకే, గంట ముందు పూసి ప్లాస్టిక్ కవర్ చుడ్తరు, కాని కాళ్ళు చేతులు మొత్తానికి ఇంట్లనే డబ్బాలు డబ్బాలు పూస్కొని పోవద్దు, అది రక్తంల కలిసి గుండెకు, తలకు ఎక్కుతది, అట్ల ప్రాణం మీదికి వచ్చినోళ్ళున్నరు.

మగోళ్ళు కూడ మస్తు మంది వస్తున్నరు, నేను కూసున్న బెంచి మీద ఒకాయన చెవుల మీది వెంట్రుకలకు, ఇంకో పిల్లగాడు బుగ్గ మీద గడ్డం లైను కోసం. సిగ్గుపడేదేం లేదు.

ఇగ మా తమ్ముని కథ. వాడు ఇంటర్ ల ఉన్నప్పుడు దోస్తులతోని జాతరకు పోయి ముంజేతి మీద ఒక పేరు, పక్కన ఎర్ర గుండె, దానికి ఆకుపచ్చ తీగ పొడిపించుకొని వచ్చిండు. ఆ పేరు ఎవరిదో ఇంట్ల ఇప్పటికీ ఎవరూ అడగరు. అక్కడ ఒక్క సూదితోని ఎంతమందికి పొడుస్తరో దేవునికే తెల్వాలె, వానికి హెపటైటిస్, హెచ్‌ఐవీ టెస్టులు చేయించి అమ్మ ఊపిరి పీల్చుకున్నది. ఇప్పుడు వాడు ఎస్‌ఎస్‌సీ జీడీకి, అంటే కేంద్ర బలగాల కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నడు, నోటిఫికేషన్ ల టాటూ గురించి ఉంటది, ఎడమ ముంజేతి లోపలి దిక్కు, లేదంటే అరచేతుల వెనక దిక్కు ఉంటేనే నడుస్తది, అది కూడ ఆ భాగంల పావు వంతు కంటే తక్కువ ఉండాలె, దేవుని బొమ్మో పేరో అయితేనే. ఎడమ చేయి ఎందుకంటే సెల్యూట్ కొట్టేది కుడి చేయితోని. మావోనిది కుడి చేయి. ఇట్లాంటి పిల్లగాండ్లు మన దిక్కు ఊరికి పదిమంది ఉంటరు, గ్రౌండ్ ల రన్నింగ్ ల ఫస్ట్ వస్తరు, మెడికల్ ల చేయి చూపించి ఇంటికొస్తరు.

డాక్టర్ మేడం వాని చేయి పట్టుకొని లైటు కింద చూసి, బాబూ నీ మెడికల్ ఎప్పుడు అని అడిగిన్రు. మూడు నెలలు అన్నడు. అప్పటికి పోదు, మామూలుగ ఒక సంవత్సరం పెట్టుకో, ఇంకొంచెం ఎక్కువైనా కావొచ్చు అన్నరు. వాడు నోరెళ్ళబెట్టిండు. యూట్యూబ్ ల టక్ మని కొడ్తే పోయింది గదా మేడం అని. మేడం నవ్విన్రు.

యూట్యూబ్ ల చూపించేది ఏందంటే లేజర్ తగలంగనే టాటూ మొత్తం తెల్లగ అయిపోతది, పోయినట్టే కనిపిస్తది. అది సిరా పోవుడు కాదు, వేడికి తోలు లోపల చిన్న చిన్న గాలి బుడగలు లేస్తయి, పావుగంట అరగంటకు తెలుపు దిగి మళ్ళ పచ్చబొట్టు ఎట్లున్నది అట్లనే కనిపిస్తది. వీడియో అక్కడ ఆపేస్తరు. అసలు పని తర్వాత మొదలైతది. టాటూకు వాడేది క్యూ స్విచ్డ్ ఎన్డీ యాగ్, సెకండ్ల వంద కోట్ల వంతు లెక్కల అంత తక్కువ సేపు కొడ్తది, ఆ దెబ్బకు సిరా గడ్డలు పగిలి సన్నటి పొడి అయితయి, ఆ పొడిని ఒంట్ల ఉండే కణాలు తినేసి లింఫ్ దారుల పట్టుకపోతయి. మిషన్ పగలగొడ్తది గంతే, మోసేది మన ఒళ్ళే, దానికి టైం కావాలె, అందుకే సిట్టింగ్ కి సిట్టింగ్ కి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఇంకా ఆగినా మంచిదే. సిగరెట్ తాగేటోళ్ళకు మెల్లగ పోతది, వాన్ని ఆ మాట మీద అమ్మ ముందటనే అడిగిన్రు, పాపం. చేతులకు పాదాలకు దూరంగ, మెడ భుజం దిక్కు ఉన్నయి తొందరగ పోతయి, మణికట్టు, పాదం దిక్కువి ఆలస్యం.

రంగుల సంగతి ఇంకో తంటా. నలుపు, ముదురు నీలం 1064 కు బాగనే పోతయి. ఎరుపుకు 532 పెట్టాలె, అదే మిషన్ ల మారుస్తరు, కాని 532 మన చాయను కూడ పట్టుకుంటది కాబట్టి పవర్ తగ్గించి జాగ్రత్తగ కొట్టాలె. ఆకుపచ్చ మొండిది, దానికి 755 అలెగ్జాండ్రైట్ కానీ 694 రూబీ కానీ కావాలె, మేము పోయిన కాడ అవి లేవు, మేడం లేవనే చెప్పిన్రు. పికో లేజర్ అని కొత్తరకం ఉంటది, 2012ల అమెరికాల మొదటిదానికి పర్మిషన్ వచ్చింది, ఇంకా తక్కువ సేపు కొట్టి ఇంకా సన్నగ పొడి చేస్తది, దానికి హైదరాబాద్ పోవాలె, రేటు కూడ అట్లనే ఉంటది. ఆకుపచ్చ తీగ మిగిలితే అప్పుడు చూద్దాం, ముందు పేరు పోనీ అని మేమే అనుకున్నం. తెలుపు రంగు, కనుబొమ్మలకు పెదవులకు పార్లర్ల పెట్టే పర్మనెంట్ మేకప్ రంగులు మాత్రం లేజర్ తగిలితే ఉల్టా నల్లగ మారొచ్చు, అవి ఉన్నోళ్ళు ముందు చిన్న చుక్కంత టెస్ట్ కొట్టించుకొని చూడాలె.

నొప్పి విషయంల నేను పడ్డది ఏం కాదు. క్రీము పూసి గంట కూసోబెట్టి, సల్లగాలి పైపు ఒకటి చేయి మీదికి పెట్టి కొట్టిన్రు, టప్ టప్ మని సప్పుడు, వాడు నా చేయి పిసికేసి, "అక్కా, పొడిపించుకున్నప్పుడు కూడ గింత నొయ్యలే, ఇంకెంతసేపు" అన్నడు. అయిపోయేసరికి పది నిమిషాలు కూడ కాలే. అక్కడక్కడ సూదిమొనంత రక్తపు చుక్కలు, ఆయింట్మెంట్ పూసి అతుక్కోని గుడ్డ కట్టిన్రు. తెల్లారి ఎర్ర గుండె కాడ నీటి పొక్కు లేచింది, చింపొద్దు అని మేడం వెయ్యిసార్లు చెప్పి పంపిన్రు, పొక్కు దానంతట అదే దిగింది, తర్వాత పక్కు కట్టింది, పక్కు గీకకుండ వాని చేయికి రాత్రిపూట అమ్మ బట్ట చుట్టింది. మొదటిసారి అయినంక ఏం తేడా కనపడలే, వాడు పైసలు దండగ అన్నడు. ఆ తర్వాత పోయిన కొద్దీ పేరు మసకబారింది, ఇప్పుడు దగ్గరికొచ్చి చూస్తేనే అక్షరాలు తెలుస్తయి, గుండె సగం పోయింది, తీగ మాత్రం నవ్వుతుంది. పేరు ఉన్నకాడ తోలు కొంచెం తెల్లబడ్డది, అది మెల్లగ కలిసిపోవచ్చు అన్నరు, కొందరికి నీడ లెక్క మిగిలిపోతదట కూడ. ఆ సంవత్సరం మెడికల్ పోయినట్టే, వచ్చే నోటిఫికేషన్ కు చూస్తున్నడు.

ఇంకా సగం జనం క్రీములు కొంటున్నరు, టాటూ పోయే క్రీము అని. సిరా ఉండేది పై తోలు కింద లోపలి పొరల, పైన పూసింది అక్కడికి దిగదు, దిగేంత గట్టిదైతే తోలే కాలుతది. సున్నం, యాసిడ్ పెట్టి కాల్చుకున్నోళ్ళను చూసిన, పచ్చబొట్టు పోయి దాని ఆకారంలనే మచ్చ నిలిచింది, మెడికల్ ల అది ఇంకా పెద్ద సమస్య. ఐపీఎల్ తోని టాటూ తీస్తం అంటే కూడ పరుగెత్తండి, అది దానికి పనికిరాదు.

పైసల లెక్క. మాకు చెప్పిన రేట్లు: మీది పెదవి సిట్టింగ్ కి 900, గదుమ 1,500, చంకలు 2,000, తమ్మునిది సైజు చూసి సిట్టింగ్ కి 3,000. ప్యాకేజ్ అయితే తగ్గిస్తరు గని మొత్తం ముందే కట్టాలె, మధ్యల ఆపేస్తే వాపస్ ఇయ్యరు, అది బిల్లు వెనకాల చిన్న అక్షరాలల్ల ఉంది. నేను ముందు ఒక్కటి చేయించుకొని తోలు ఎట్లుంటదో చూసి తర్వాతే ప్యాకేజ్ కట్టిన, అట్లనే చేయండి. రేటు చెప్పినప్పుడు జీఎస్టీ కలిపా కలపకనా అడగండి, కౌంటర్ల బిల్లు కొట్టినంక తెలుస్తది లేకపోతే. ఇన్సూరెన్స్ కు ఇది పోదు, అందం కోసం చేసేది అని కొట్టేస్తరు, ఆశ పెట్టుకోవద్దు.

కంప్లైంట్ లు ఇంకా ఉన్నయి. సంతకం పెట్టే ఫారం మొత్తం ఇంగ్లీష్ ల ఉంది, ఊర్ల నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ తన బిడ్డ కోసం వేలిముద్ర వేస్తుంటే, అందుల ఏముందో నేను చదివి చెప్పిన, కాలొచ్చు, మచ్చ పడొచ్చు, మళ్ళ మొలవొచ్చు అని ఉంది, ఆమె వేలు వెనక్కి తీస్కొని డాక్టర్ తోని మాట్లాడి అప్పుడు వేసింది. తెలుగుల ఒక కాయితం కొట్టిస్తే ఏం పోతది వీళ్ళకు. ముందు తర్వాత ఫోటోలు తీస్తరు, అది మంచిదే, తేడా తెలుస్తది, కాని ఆ ఫారంలనే ఒక మూలకు ఫోటోలు ప్రచారానికి వాడుకోవచ్చు అని టిక్ పెట్టి ఉంది, నేను కొట్టేయించిన. అపాయింట్మెంట్ పదకొండుకు ఇచ్చి పన్నెండున్నరకు పిలుస్తరు, క్రీము పూసుకొని కూసున్నోళ్ళకు మత్తు దిగిపోతది ఈలోపల, రెండోసారి పూస్తం అంటరు, మొదటిది లెక్క పెట్టుకోకుండ. చంకలకు చేసేది ఆడమనిషే, ఆ విషయంల ఏం ఇబ్బంది లేదు, తలుపు కూడ లోపల గడియ పెడ్తరు.

పోయేటోళ్ళు పొద్దుగాల పదిన్నరకల్లా పోండి, ఆ టైంల మేడం ఖాళీగ ఉంటరు, పవర్ ఎంత పెడుతున్నరో, పోయినసారి కంటే ఎంత పెంచిన్రో కార్డు మీద రాయించుకోండి, అడిగితే రాసిస్తరు. బండి పెట్టడానికి జాగా లేదు, ఎదురుంగ మెడికల్ షాపాయన తిడ్తడు. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు డాక్టర్ ఉండరు, టెక్నీషియన్లే కొడ్తరు.